అల్లుడిగారికి ఒంట్లో బాగాలేదు

మీ ఇల్లు, ముందుగది
సోమవారం

వదినా,

మీ చలి ఊళ్ళో ఇల్లు చేరాను. తాళంచెవి పూలకుండీ కింద ఉంటుందన్నావు గానీ ఏ పూలకుండీ అన్నది చెప్పలేదు. మీ గుమ్మం ముందున్న కుండీలన్నీ ఎత్తి దించేసరికి నా నడుం పట్టేసింది. గోడ అవతల నుంచి ఒక పెద్దాయన నన్నే కళ్ళార్పకుండా చూస్తున్నాడు. దొంగనుకున్నాడేమోనని "నేను ఈ ఇంటి ఆడపడుచునండీ" అన్నాను. "అయితే ఆ నీలం కుండీ ఎత్తండి" అన్నాడు. అదేదో ముందే ఏడవచ్చుగా! గడియారాలు బాగుచేస్తాడట. మనిషి కూడా అలాగే ఉన్నాడు, గంటకోసారి గానీ నోరు విప్పడు.

ఫోన్ చేస్తే పక్క మంచం మీదున్న అన్నయ్యకి అన్నీ వినబడతాయని, ఉత్తరాలే రాయమన్నావు. సరే, రాస్తాను. ఇన్నేళ్ళూ పిల్లలు రాసినవి దిద్దడమే గానీ నేను రాసింది లేదు. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

ఇక తోట. నీళ్ళ పైపు నా మాట వినడం లేదు. మొక్కలకి పోసింది సగం, నేను పోసుకున్నది సగం. టమాటాలు పచ్చగానే కూర్చున్నాయి, ఎర్రబడే ఉద్దేశం వాటికున్నట్టు లేదు. పొద్దున్నే చెప్పుల్లేకుండా గడ్డి మీద అడుగేస్తే కాళ్ళు జివ్వుమంటున్నాయి. సాలీళ్ళు గేటుకీ గోడకీ మధ్య రోజూ కొత్త గూడు కడుతున్నాయి, నేను రోజూ దాన్ని మొహంతో తెంపుకుంటూ పాలకి వెళుతున్నాను. నువ్వేమో ఎండంతా వంటింట్లోనే ఉంటుందన్నావు. ఇప్పుడది ఏటవాలుగా ముందుగదిలోకొచ్చి సోఫాలో కూర్చుంటోంది. దానికీ మీ ఇంట్లో ఇంత చనువేమిటో!

అల్లుడిగారిని చూశాను. కిటికీకి ఎదురుగా, తోటంతా తనదే అన్నట్టు నిలబడ్డాడు. కూతురు లేని ఇంట్లో అల్లుడెవరని రైల్లో ఒకావిడ అడిగితే చెప్పాను, "మా అన్నయ్య పెంచుకున్న చెట్టండీ. పువ్వివ్వదు, కాయివ్వదు. ఏళ్ళ తరబడి కూర్చోబెట్టి మేపడమే. అందుకని అల్లుడని పేరు పెట్టాడు" అని. ఆవిడకి నలుగురు అల్లుళ్ళట. దిగేదాకా నవ్వింది.

అన్నయ్య నడుస్తున్నాడా? అది చెప్పు ముందు.

నీ ఆడపడుచు

*

ఆసుపత్రి ఎదురు వీధి, మేడమీద గది
గురువారం

టీచరమ్మా,

నడవడం లేదు.

గుండెకి చేసిన ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగిందట. డాక్టరుగారు తను కుట్టిన కుట్లు తనే చూసుకుని మురిసిపోతున్నారు. నేను కూడా చూశాను. దర్జీదాన్ని కదా, ఆగలేక చూశాను. వంక పెట్టడానికేం లేదు. కానీ మనిషే లేవడం లేదు. ఆసుపత్రి నుంచి ఈ అద్దె గదికి వచ్చినప్పటి నుంచీ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఏం అడిగినా "ఊఁ". తిట్టినా "ఊఁ". నేను ఆయన్ని తిడితే తిరిగి తిట్టకపోవడం మా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. నాకు భయమేస్తోంది.

నడక నేర్పడానికి ఆసుపత్రి నుంచి రోజూ ఒక అమ్మాయి వస్తుంది. బస్సు డ్రైవరుని కదిలించాలంటే ఏం చేయాలో నేనే నేర్పాను. పాపం ఆ పిల్ల గుమ్మంలో నిలబడి "రైట్ రైట్!" అని కేకేస్తుంది. కండక్టరమ్మ అని పేరు పెట్టాను. బస్సు మాత్రం కదలదు. "జన్మంతా బస్సు నడిపాను, ఇప్పుడు నన్ను నేను కూడా నడుపుకోవాలా?" అన్నారు ఒక్కసారి. అంతే. మళ్ళీ గోడ.

డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి గట్టిగానే చెప్పారు. ఇలాగే పడుకుంటే ఊపిరితిత్తులకి నెమ్ము చేరుతుందట. అప్పుడు ఆయన కుట్టిన కుట్లు కూడా ఏం చేయలేవట. నడిస్తేనే ఇంటికి.

అందుకని నువ్వు చేయాల్సింది ఒకటే. తోట గురించి రాయి. నేను చదివి వినిపిస్తాను. తోట మాట వింటే అయినా ఇటు తిరుగుతారేమో. చెడు కబురు ఒక్కటి కూడా రాయకు. ముఖ్యంగా అల్లుడి గురించి.

వదిన

*

మీ ఇల్లు, ముందుగది
శనివారం

మొదటి కాగితం (అన్నయ్యకి చదివి వినిపించడానికి)

అన్నయ్యా, తోట పచ్చగా కళకళలాడుతున్నది. పక్షులు కిలకిలలాడుచున్నవి. అల్లుడుగారు సంపూర్ణ ఆరోగ్యంతో, నిండైన ఆకులతో, చూసేవారికి కన్నుల పండువుగా ఉన్నారు. ఎటువంటి చింతా పెట్టుకోవద్దు. త్వరగా నడువుము.

రెండో కాగితం (వదినకి మాత్రమే. అన్నయ్య కంటబడితే నా మీద ఒట్టే)

వదినా, కొంప మునిగింది.

అల్లుడికి ఒంట్లో బాగాలేదు. మొన్న చిటారుకొమ్మన ఒక్క రెమ్మ పసుపుపచ్చగా కనబడింది. ఎండ పడి అలా ఉందిలే అనుకున్నాను. నిన్నటికి ఆ వైపంతా పసుపు. ఈవేళ పొద్దున కిటికీ తీస్తే కింద గడ్డి కనబడలేదు, ఆకులే. నేను చూస్తుండగానే ఇంకో గుప్పెడు రాలాయి. గాలి కూడా లేదు వదినా! ఊరికే, కొమ్మ మీద కూర్చుని కూర్చుని విసుగొచ్చినట్టు దిగిపోయాయి.

నేనేం తెలియనిదాన్ని కాను. ఆరు ఋతువులూ గోడ మీద బొమ్మలేసి ఎన్ని తరాల పిల్లలచేత వల్లె వేయించానో. వసంతంలో చిగుళ్ళు, గ్రీష్మంలో ఎండలు, వర్షర్తువులో వానలు, శరత్తులో వెన్నెల, హేమంతంలో మంచు, శిశిరంలో ఆకులు రాలడం. ఇప్పుడు శరత్తు. వెన్నెల చక్కగా కాస్తోంది, దాని డ్యూటీ అది చేస్తోంది. వెన్నెల అవ్వాలి, మంచు అవ్వాలి, ఆ తర్వాత గదా ఆకులు రాలాల్సింది! ఈయన ఇప్పుడే మొదలుపెట్టాడంటే రోగం కాక మరేమిటి? మా ఊళ్ళో సముద్రపు గాలికి ఉన్నవన్నీ కొబ్బరిచెట్లూ సరుగుడు చెట్లూ. ఆకులు రాల్చే చెట్టుని గోడ మీద గీయడమే గానీ కళ్ళారా చూసింది లేదు. అది కూడా శిశిరం గడిలోనే గీశాను, శరత్తులో గీయలేదు.

ఇంక ఆగలేక గోడ దగ్గరకెళ్ళి గడియారాలాయన్ని అడిగాను, "మా చెట్టుకేమైందండీ?" అని. ఆయన తలెత్తి చూసి, కళ్ళజోడు సర్దుకుని "టైమొచ్చిందండీ" అన్నాడు.

అంత మాట ఎలా అనగలిగాడు వదినా! ఇంటికొచ్చి ఏడ్చాను.

నా బలం మాత్రలు పొడి చేసి నీళ్ళలో కలిపి పోశాను. ఇంకేం చేయను? వెంటనే రాయి. ఈ చెట్టుకేమైనా అయితే అన్నయ్యకి నా మొహం ఎలా చూపించను? ఆయన మాత్రం ఇక మంచం దిగుతాడా?

నీ ఆడపడుచు

*

మేడమీద గది
మంగళవారం

టీచరమ్మా,

రెండు కాగితాలూ అందాయి. మొదటిది చదివి వినిపించాను. "త్వరగా నడువుము" దగ్గర మీ అన్నయ్య "ఊఁ" అన్నారు, గోడతోనే. రెండోది నేనొక్కదాన్నే చదివి, కిటికీ గూట్లో మందుల డబ్బా కింద దాచాను. నీ మీద ఒట్టు కదా మరి.

నువ్వు రాసిన లక్షణాలన్నీ జాగ్రత్తగా చదివాను. తేలిగ్గా తీసుకునే రోగం కాదు. రెండో కాగితం ఇకనుంచీ ఇంకా వివరంగా, డాక్టరుకి చెప్పినట్టు పూసగుచ్చినట్టు రాయి. పొడుగైనా పర్లేదు. ఎంత పొడుగైతే అంత మంచిది.

ఈలోగా నాకు తెలిసిన వైద్యం చెబుతాను. బీరువాలో మీ అన్నయ్య ఉన్ని మఫ్లరు ఉంటుంది, ఎర్రది. అల్లుడి మొదలుకి చుట్టి ముడి వెయ్యి. రోజూ పొద్దున ఎదురుగా నిలబడి ఏదైనా పాఠం చెప్పు. చెట్లు మనిషి గొంతుకి తేరుకుంటాయని ఎక్కడో విన్నాను. గట్టిగా చెప్పాలి సుమా. గడియారాలాయన్ని మాత్రం ఇంకేమీ అడగకు. ఆయనకి ముళ్ళూ చక్రాలూ తప్ప ఏం తెలుసు?

ఇక్కడో వింత. నిన్న నేను మందులకని కిందికెళ్ళి వచ్చేసరికి మీ అన్నయ్య గుండెకి దిండు హత్తుకుని ఆయాసపడుతున్నారు. దగ్గొస్తే కుట్లు లాగకుండా హత్తుకోమని ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన దిండు అది. "దగ్గొచ్చిందా?" అన్నాను. "ఊఁ" అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఏం దగ్గో ఏమో.

రెండో కాగితం మర్చిపోకు.

వదిన

*

మీ ఇల్లు, ముందుగది
శుక్రవారం

మొదటి కాగితం

అన్నయ్యా, అంతా క్షేమం. మునుపు చెప్పినట్టే. పచ్చదనం మరింత పెరిగినది.

రెండో కాగితం (ఒట్టు గుర్తుందిగా)

వదినా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. మఫ్లరు చుట్టాను. ముడి వేయడానికి ఆయన్ని కౌగిలించుకోవాల్సొచ్చింది. సరిగ్గా అప్పుడే వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు వెళుతూ ఆగారు. "అల్లుడిగారికి చలిగా ఉందని..." అన్నాను. గబగబా నడిచి వెళ్ళిపోయారు.

పాఠం కూడా మొదలుపెట్టాను. తెలుగు పాఠమైతే కన్నీళ్ళొస్తున్నాయని ఎక్కాలు ఎత్తుకున్నాను. పన్నెండో ఎక్కం దాకా బుద్ధిగా విన్నాడు. పదమూడో ఎక్కం అందుకోగానే బుట్టెడు ఆకులు రాల్చాడు. నా క్లాసు పిల్లలు కూడా సరిగ్గా అక్కడే డీలా పడేవాళ్ళు.

అసలు ఘోరం ఇప్పుడు చెబుతున్నాను. కూర్చుని చదువు. ఇది అంటురోగం. గడియారాలాయన చెట్టుకి పాకింది! గోడకి ఈవైపున్న కొమ్మలకి ముందంటుకుంది, అంటే మనవాడి నుంచే. నిన్న పాలకి వెళ్ళొస్తూ చూశాను, వీధి మొదట్లో ఉన్న చెట్టు ఎర్రబడిపోయింది. మనవాడిది పసుపు, దానిది ఎరుపు, రోగం ముదిరితే అలా అవుతుంది కాబోలు. ఇంత పచ్చటి వీధి వదినా! నేను అడుగుపెట్టి నెలన్నా కాలేదు. జనం ఎదురైతే తల దించుకుని నడుస్తున్నాను. వాళ్ళేమో నన్ను చూసి నవ్వుతున్నారు. ఎంత మంచివాళ్ళో, ఒక్కరు కూడా పల్లెత్తు మాట అనలేదు.

రాలినవి అక్కడే వదిలేస్తే గాలికెగిరి ఇంకెవరి చెట్టుకంటుకుంటాయోనని తెల్లవారకముందే అన్నీ ఏరేస్తున్నాను. సంచులు అయిపోయాయి. నీ దిండు గలీబులు వాడుతున్నాను, తిట్టకు. వెనక గది నిండిపోయింది. తలుపు తీస్తే గరగరమంటూ మీదకొస్తున్నాయి. విచిత్రమేమిటంటే, మంచి వాసన. రోగమొచ్చిన ఆకులకి అంత మంచి వాసనెందుకో.

వదినా, నవ్వుతూ రాస్తున్నాననుకోకు. రోజూ పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకుని గానీ కిటికీ తీయడం లేదు. కొమ్మల మధ్య నుంచి ఆకాశం కనబడుతోంది. నేనొచ్చిన రోజు అక్కడ ఆకాశమే లేదు. అన్నయ్యకి ఉన్నది మనమిద్దరం, ఈ చెట్టు. నువ్వు ఆయన్ని చూసుకుంటున్నావు. నాకిచ్చింది చెట్టొక్కటే, అది కూడా కాపాడలేకపోతున్నాను.

నీ ఆడపడుచు

*

మేడమీద గది
ఆదివారం

పిచ్చిదానా,

ఏడవకు. నువ్విలా ఏడిస్తే నేను నోరు అదుపులో పెట్టుకోలేను. ఇంకొక్క వారం ఓపిక పట్టు.

నీ రెండో కాగితాన్ని ఈసారి గదిలో దాచలేదు. గదిలో చోటెక్కడుంది? బయట వరండా చివర, మంచినీళ్ళ ఫిల్టరు వెనక పెట్టాను. దూరమే అనుకో. పర్లేదు.

ఆకులు మాత్రం పారెయ్యకు. గలీబులకి ఏం కాదులే, నేనే కుట్టాను, కొత్తవి కుట్టుకుంటాను.

దగ్గు ఇంకా ఎక్కువైంది. డాక్టరుగారికి చెబితే ఆయన కూడా దిండు కావాలన్నారు.

వదిన

*

మీ ఇల్లు. ఏ గదైతే నీకెందుకు
బుధవారం

వదినా!

వదినా!!

పొద్దున గడియారాలాయన పొడుగు చీపురు పట్టుకుని గేటు దగ్గరకొచ్చాడు. "మీ అన్నయ్యగారు ప్రతి ఏడూ ఈపాటికి ఊడ్చి కుప్పలు పోసేవారండీ. ఆయన లేరు కదా, నేనేమైనా సాయం చేద్దామని వచ్చాను. మీ గడ్డి మీద ఒక్కాకు కూడా లేదు. ఎలాగండీ?" అన్నాడు.

ప్రతి ఏడూ అన్న మాట నా చెవికెక్కలేదు. దొరికిపోయాను అనుకున్నాను. ఇంక దాచలేక ఉన్నదంతా కక్కేశాను. వెనక గది తలుపు తీసి చూపించాను. చేతులు జోడించి, "మీ చెట్టుకి కూడా మావల్లే అంటుకుందండీ, క్షమించండి, మందుకయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను" అన్నాను.

ఆయన గదిలోకి తొంగిచూసి అలాగే ఆగిపోయాడు. ఆగిన గడియారానికిచ్చినట్టు కీ ఇవ్వాలేమో అనుకున్నాను. తర్వాత మెల్లిగా, "టీచరుగారూ, ఏటా ఇంతే కదండీ. ఆకులు రాలే టైమొచ్చింది. రాలాయి. ఎండలు రాబోయే ముందు మళ్ళీ వస్తాయి. ఆ మాటే కదండీ నేను మొదటి రోజు చెప్పాను" అన్నాడు.

"ఆకులు రాలేది శిశిరంలో కదండీ?" అన్నాను.

"మరి ఆ సంగతి ఇక్కడి చెట్లకి ఎవరూ చెప్పలేదేమోనండీ" అన్నాడు.

వదినా, భూమి చీలితే అందులోకి దూకేదాన్ని, కానీ మీ ఇంట్లో ఆ చోటు కూడా ఆకులతో నిండిపోయి ఉండేది. ఇంతలా పప్పులో కాలేస్తానని కలలో కూడా అనుకోలేదు. నేను తెలియక చేశాను. నువ్వు? నువ్వు ఆ ఇంట్లో ఎన్ని ఏళ్ళుగా ఉంటున్నావు? నీకు తెలుసు! మొదటి ఉత్తరంలోనే తెలుసు! తెలిసి తెలిసి నా చేత చెట్టుకి మఫ్లరు కట్టించావు. చెట్టుకి ఎక్కాలు చెప్పించావు. పదమూడో ఎక్కం, వీధంతా వినబడేలా! అందుకా వాళ్ళంతా నన్ను చూసి నవ్వేది? అక్కడ నీకూ డాక్టరుగారికీ కాలక్షేపమా నేను? నేను ఏడుస్తూ రాసినది చదువుకుని దిండ్లు పట్టుకుని నవ్వుకున్నారా?

నా పెట్టె సర్దుకుంటున్నాను. టమాటాలకి నువ్వే వచ్చి నీళ్ళు పోసుకో. ఇక నా నుంచి మొదటి కాగితమూ లేదు, రెండో కాగితమూ లేదు.

అన్నయ్య నడిచాడా? ఇది కోపంగానే అడుగుతున్నాను.

*

మేడమీద గది, కిటికీ పక్క కుర్చీ
శనివారం

ఒసేయ్ పిచ్చుకా,

అక్షరాలు వంకరగా ఉంటే ఎర్ర సిరాతో దిద్దకు. కుర్చీలో కూర్చుని రాయడం ఇదే మొదలు.

నీకొక రహస్యం చెబుతా. మీ వదినకి తెలియదు, తెలిస్తే నా కుట్లు విప్పి మళ్ళీ కుడుతుంది.

నువ్వు మొదటి కాగితంలో "నడువుము" అని రాశావు చూడు, అది వినగానే అనుకున్నా, ఇది ఏదో దాస్తోంది అని. నువ్వు నిజం చెప్పేటప్పుడు ఇలాంటి తెలుగు నీ నోట రాదు. మీ వదిన ఇంకో కాగితం మడిచి మందుల డబ్బా కింద పెట్టడం గోడకున్న అద్దంలో చూశా. నేను గోడవైపు తిరిగి పడుకునేది ఊరికే అనుకున్నారా? అది కిందికెళ్ళగానే లేచా. మంచానికీ కిటికీకీ మధ్య ఎంత దూరమే అది! గోడ పట్టుకుని, మంచం కోడు పట్టుకుని, చెమటలు కక్కుతూ వెళ్ళి ఆ కాగితం తీశా. చెట్టుకి చావు దగ్గరపడిందేమోనని భయపడుతూ చదివా. "వెన్నెల దాని డ్యూటీ అది చేస్తోంది" దగ్గర ఇంక ఆగలేదు. గుండెకి దిండు పెట్టుకుని, నోట్లో దుప్పటి కుక్కుకుని నవ్వాను. నొప్పి అంటే నొప్పి కాదు. అయినా నవ్వాను.

అప్పటినుంచీ నీ రెండో కాగితం నేను దొంగతనంగా చదువుతూనే ఉన్నా. మీ వదిన తెలివైనదే, ప్రతిసారీ ఇంకా దూరంగా దాస్తుంది. వరండా చివర ఫిల్టరు వెనక పెట్టింది మొన్న. మూడుచోట్ల కూర్చుని వెళ్ళా. నీ పదమూడో ఎక్కం కోసం.

నవ్వింది నీ మీద కాదే. సరే, కొంచెం నీ మీదే. ఒకటి మాత్రం నవ్వకుండా చెబుతా, విను. ఆపరేషన్ అయ్యాక నాకు చాలా భయమేసింది. ఆ భయం మీ వదినకి చెప్పలేదు. బస్సు షెడ్డుకి వెళ్ళిపోయిందని, ఇంక తీయరని అనుకున్నా. లేవడమెందుకు, పడటమెందుకు అనుకున్నా. నువ్వేమో అక్కడ తెల్లవారకముందే లేచి, నేను పెంచిన చెట్టు కింద ఆకులేరుతూ ఏడుస్తున్నావు. "నాకిచ్చింది చెట్టొక్కటే" అన్నావు. అది చదివి నేను వరండాలో నిలబడి ఏడ్చా. దానికి కూడా ఆ దిండే పనికొచ్చింది.

పెట్టె విప్పు. ఎక్కడికీ వెళ్ళకు. ఆకులు ఊడవడం నా పని, ఏటా నేనే ఊడుస్తా. ఈ ఏడు నా పని నువ్వు కాజేశావు. నా ఆకులు నాకు కావాలి.

ఈ ఉత్తరం నేనే మెట్లు దిగి, వీధి చివర డబ్బాలో వేసొస్తా. కండక్టరమ్మ వెనకే వస్తానంది. రైట్ రైట్ అనక్కర్లేదని చెప్పా.

మీ అన్నయ్య

*

మేడమీద గది
అదే శనివారం

టీచరమ్మా,

మీ అన్నయ్య మెట్లు దిగుతున్నారు. కిటికీలోంచి చూస్తూ రాస్తున్నాను. ఆ చేతిలో నీకు రాసిన ఉత్తరముంది. నాకు చూపించలేదు. అందులో ఏముందో నాకు తెలుసు.

ఆయనకొక సంగతి తెలియదు, నువ్వు చెప్పకు. మొదటిసారి మందుల డబ్బా కాస్త జరిగి ఉంది. కింద కాగితం తిరగేసి ఉంది. మంచం మీద దుప్పటి కొస తడిసి ఉంది. దర్జీదాని కళ్ళు కదా, ఒక్క నూలుపోగు జరిగినా కనబడుతుంది. ఎవరో లేచారని అర్థమై వరండాలోకెళ్ళి నోరు మూసుకుని ఏడ్చాను. ఆ తర్వాత ఆ కాగితాన్నీ, మళ్ళీ నువ్వు రాసినదాన్నీ ప్రతిసారీ ఇంకాస్త దూరంగా పెట్టాను. గూట్లోంచి తలుపు మీదకి, తలుపు మీద నుంచి వరండాలోకి. నువ్వు రాసినంత కాలం ఆయన నడుస్తారు. నీకు నిజం చెబితే నువ్వు రాయడం మానేస్తావు. ఏం చేయమంటావు చెప్పు? నిన్ను అలా ఏడిపించినందుకు నాలుగు తిట్టు, పడతాను. డాక్టరుగారు ఇంటికి పంపిస్తానన్నారు, వచ్చే ఆదివారం.

డబ్బా దగ్గరకి చేరారు. వేశారు. ఇటు తిరిగి, పైకి చూసి చెయ్యి ఊపుతున్నారు. ఉండు.

వదిన

*

మీ ఇల్లు, తోట మెట్ల మీద
బుధవారం

వదినా, అన్నయ్యా,

ఇద్దరికీ కలిపి ఒకటే కాగితం. ఇంక మొదటిదీ రెండోదీ లేవు. మీరు నా మీద ఒకరికి తెలియకుండా ఒకరు ఆడిన నాటకం సంగతి తర్వాత తేలుస్తాను. ఎవరికేం తెలుసో, ఎవరికేం తెలియదో చెప్పి ఒకర్నొకరికి పట్టించే పని కూడా నాకొద్దు. ఇద్దరికీ కలిపి నాలుగు తిట్లు బాకీ ఉన్నాయి, ఇంటికొచ్చాక తీసుకోండి.

పెట్టె విప్పాను. టమాటాలకి నీళ్ళు పోశాను, నేను సగం తడిశాను. ఒక టమాటా ఎర్రబడింది, మీకోసం ఉంచాను.

పొద్దుటి నుంచీ గలీబులు ఒక్కొక్కటే మోసుకొచ్చి అల్లుడి కింద విప్పి కుమ్మరిస్తున్నాను. వెనక గదిలో అణిగిపోయి ఉన్నాయి గానీ గాలి తగలగానే మళ్ళీ లేచాయి. గేటు నుంచి గుమ్మం దాకా పరిచాను. నడిస్తే చప్పుడవుతోంది, వీధి చివరికి వినబడేంత. అల్లుడు పైనుంచి మిగిలినవి కూడా రాల్చి సాయం చేస్తున్నాడు. ఒంట్లో బాగానే ఉంది, ఆయనకేం! మఫ్లరు మాత్రం విప్పలేదు. నువ్వొచ్చి విప్పుకో అన్నయ్యా, నీదే కదా.

గడియారాలాయన గోడ మీద నుంచి చూసి చూసి, ఇవాళ నోరు తెరిచాడు. "అదేంటండీ, అందరూ ఎత్తిపోస్తుంటే మీరు తెచ్చి పోస్తున్నారు?" అన్నాడు. "ఊడ్చేవాడు వస్తున్నాడండీ" అన్నాను.

ఆయనకి విషయం అర్థమై మొహం విప్పారింది. కానీ ఊరికే పోతాడా? చీపురు గడ్డానికి ఆనించి, "ఇంతకీ టీచరుగారూ, శరత్తులో ఏమవుతుందండీ?" అన్నాడు, వేళాకోళంగా.

నేను క్లాసులో నిలబడ్డట్టే నిలబడి, వీధంతా వినబడేలా చెప్పాను:

"శరత్తులో మా అన్నయ్య ఇంటికొస్తాడు."

మీ పిచ్చుక